తాతగారి తుపాకీకి వేలంలో దారేది? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి,

నమస్కారమండి. మాది కోనసీమ, పాత వస్తువులు కొనడం నాకున్న పిచ్చి. ఈ డెల్టాలో పెద్ద పెద్ద లోగిళ్లు ఒక్కొక్కటే విప్పేస్తున్నారు, వారసులేమో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ఇల్లు బేరం పెట్టేముందు సామాను వేలం వేస్తారు. టేకు దూలాలు, బెల్జియం అద్దాలు, గ్రామఫోను, ఇత్తడి గంగాళాలు అన్నీ వాకిట్లో పెట్టి పాట పాడతారు. బీరువాలోంచి తాతగారి జోడు గొట్టాల తుపాకీ బయటికొచ్చిందంటే మాత్రం ఇక గుసగుసలే.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయాయి, 1972లో వన్యప్రాణి చట్టంతో వేట పోయింది, తుపాకులు మాత్రం అటకెక్కి కూర్చున్నాయి. వాటిలో బర్మింగ్‌హామ్‌లో చేసిన గ్రీనర్, వెబ్లీ అండ్ స్కాట్ లాంటి కంపెనీలవి కూడా ఉంటాయి. గొట్టం అడుగున, దాని గట్టిదనం పరీక్షించి కొట్టిన ముద్రలు, మీద చెక్కిన పనితనం, నంబరు చూసి వయసు పట్టడం ఒక సరదా. నాకు తూటా అక్కర్లేదు. సంక్రాంతి పందేల బరిలో గాల్లోకి పేల్చే ఉద్దేశమూ లేదు.

చిక్కంతా రూల్స్‌లో ఉంది. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో మనిషికి రెండు తుపాకులే అన్నారు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి, మిగిలినవి స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పజెప్పాలి. బాగానే ఉంది, దాంతో నాకు పేచీ లేదు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఇంకో మాట చెప్పింది: పురాతన వస్తువుల కోవలోకొచ్చే తుపాకీని కొనడానికి, దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, వాడాలన్నా వెంట తీసుకెళ్లాలన్నా మాత్రం కావాలి. అంటే అమలాపురం వేలంలో పాడుకున్న తుపాకీని మా ఇంట్లో పెట్టుకోవచ్చు, కానీ ఇంటికి తెచ్చుకోకూడదు! ఇంతకీ అది ఆ కోవలోకి వస్తుందని కాగితం మీద రాసిచ్చేదెవరు? ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు, అక్కడ అడిగితే “మీకెందుకండీ ఈ తలనొప్పి” అన్నారు. కేసవుతుందేమోనని టెన్షన్ పడి చాలామంది పాట దగ్గరే ఆగిపోతారు, ఆగనివాళ్లు చీకట్లో కొనేస్తారు, మీకు నిజంగా ప్రమాదం ఆ రెండోవాళ్లతోనే.

ఇంగ్లండులో 1968 చట్టం పాత తుపాకీని అలంకారంగానో పురాతన వస్తువుగానో ఉంచుకోనిస్తుంది, 2021లో అక్కడ ఏ పాత రకాల తూటాలకి చేసినవి ఆ లెక్కలోకొస్తాయో జాబితాతో సహా నిబంధనలు తెచ్చారు, అందుకే వేలం సంస్థలు బాహాటంగా అమ్ముతాయి. అమెరికాలో 1898కి ముందో ఆ ఏడాదో తయారైనవి ఫెడరల్ తుపాకీ చట్టంలో పురాతనాలే. అమెరికా తుపాకీ సంస్కృతి మనకొద్దు మహాప్రభో, కానీ గీత ఎక్కడుందో స్పష్టంగా చెప్పడం మాత్రం నేర్చుకోవచ్చు.

చట్టం కేంద్రానిదని తెలుసు, అమలు మాత్రం మన కలెక్టరేట్లది, మీ స్టేషన్లది. ఎస్టేటు వేలంలో తుపాకీ కనిపిస్తే పోలీసు ఆయుధ నిపుణుడితో చూపించి పురాతనమో కాదో రాసిచ్చే అధికారి జిల్లాకొకరు ఉండాలి. పురాతనమైతే కొన్నవాడు ఇంటికి తెచ్చుకోవడానికి ఆ ఒక్క ప్రయాణానికి అనుమతి ఇవ్వండి. పేలే స్థితిలో ఉన్న మామూలు తుపాకీ అయితే లైసెన్సున్న డీలరు ద్వారా లైసెన్సున్న వాడికే వెళ్లాలి, అందులో సడలింపు వద్దు.

ఇంకోటి, అప్పజెప్పి మళ్లీ ఎవరూ అడగని తుపాకుల సంగతి. మన ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకి నూనె రాయని గొట్టం ఎన్నాళ్లుంటుంది? వాటిని ధ్వంసం చేసేముందు పురావస్తు శాఖ వాళ్లకి ఒకసారి చూపించండి, రాజమహేంద్రవరం మ్యూజియానికి పనికొచ్చేవి ఉంటే అక్కడ పెట్టండి. ఉత్తర్వు ఇస్తే దాని నకలు తెలుగులో ప్రతి స్టేషనుకీ పంపండి, లేకపోతే మళ్లీ ఎస్‌ఐ గారు “మాకేం రాలేదు” అంటారు.

ఇట్లు,
వేలం పాటల్లో పాత సామాను కొనే ఒక కోనసీమ వాసి