జీపు కన్నా పొడవైన ఫిరంగి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారములు. పాఠశాలల్లో ప్రదర్శనల కాలం మొదలవుతున్నది కనుక, పోయిన ఏడాది ఒక ప్రదర్శనలో నేను కళ్లారా చూసిన విషయాన్ని మీ పాఠకుల ముందు, ముఖ్యంగా ఉపాధ్యాయ మిత్రుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు రెండు నెలలు కూర్చుని, 1965 యుద్ధంలోని ఒక ఘట్టాన్ని చిన్న కొలతలో బల్ల మీద నిలబెట్టి, సాంఘిక శాస్త్ర విభాగంలో పెట్టింది. న్యాయనిర్ణేతల్లో ఒకరు దాని ముందు నిమిషమైనా నిలవకుండా "ఇది ఆటబొమ్మ, ప్రాజెక్టు కాదు" అని పక్కకు పెట్టించారు. బహుమతి పొందినది స్టేషనరీ దుకాణంలో డబ్బిచ్చి కొన్న థర్మోకోల్‌ కోట. అచ్చంగా అలాంటి కోటే ఆ హాల్లో మరో మూడు బల్లల మీద కూడా ఉంది. ముప్పై రెండేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాడిగా నాకు కష్టం కలిగించినది బహుమతి పోవడం కాదు, ఆ పిల్లను ఒక్క ప్రశ్నయినా అడగకపోవడం. అడిగి ఉంటే ఆమె ఏమి చెప్పేదో ఈ ఉత్తరంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఇటువంటి దృశ్య నిర్మాణాన్ని డయోరమా అంటారు. మాట కొత్తగా వినిపించినా, సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లకు పని కొత్త కాదు. అద్దం ముక్కను చెరువుగా పరచడం, ఆవాలు చల్లి మొలకలతో పచ్చని చేను చూపించడం మన ఆడపిల్లలకు అమ్మమ్మల నాటి నుంచి తెలిసిన విద్యే. తేడా అంతా కొలతలో ఉంది. కొలువులో కొండపల్లి ఏనుగు పక్కన తాటిచెట్టు పొట్టిగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. డయోరమాలో మాత్రం మనిషి, బండి, చెట్టు, చివరకు మట్టిలో పడిన టైరు జాడ కూడా ఒకే కొలతకు లోబడి ఉండాలి.

మేము ఎంచుకున్న ఘట్టం పంజాబులోని ఖేమ్‌కరణ్‌ ప్రాంతంలో, 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు జరిగిన అసల్‌ ఉత్తర్‌ పోరాటంలోనిది. పాకిస్తాన్‌ ఒకటో ఆర్మర్డ్‌ డివిజన్‌ అమెరికన్‌ పాటన్‌ ట్యాంకులతో చొచ్చుకు రాగా, మన నాలుగో మౌంటెన్‌ డివిజన్‌ గుర్రపు నాడా ఆకారంలో వ్యూహం పన్ని, పొలాలకు నీరు వదిలి, ఆ బరువైన ట్యాంకులు బురదలో దిగబడేలా చేసింది. హైదరాబాదు నిజాం కొలువులోని అశ్విక దళాల్లో మూలాలున్న డెక్కన్‌ హార్స్‌ రెజిమెంటు కూడా షెర్మన్‌ ట్యాంకులతో ఆ పోరులో నిలిచిందని మన పిల్లల్లో ఎంతమందికి చెప్పాము? ఆ పోరులోనే ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్‌ జిల్లా ధాముపూర్‌కు చెందిన కంపెనీ క్వార్టర్‌ మాస్టర్‌ హవల్దార్‌ అబ్దుల్‌ హమీద్‌, జీపు మీద బిగించిన ఆర్‌సీఎల్‌ గన్నుతో (పేలినప్పుడు వెనక్కి తన్నని రికాయిల్‌లెస్‌ ఫిరంగితో) ట్యాంకులను ఎదుర్కొని, సెప్టెంబరు 10న చీమా గ్రామం ముందు ప్రాణాలు అర్పించారు. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. 1966 గణతంత్ర దినోత్సవం నాడు ఆయన భార్య రసూలన్‌ బీబీ గారు నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ గారి చేతుల మీదుగా పరమవీర చక్రను అందుకున్నారు. 2000 జనవరిలో తపాలా శాఖ వెలువరించిన మూడు రూపాయల బిళ్ల మీద ఆయన ముఖం పక్కన ఆ జీపు బొమ్మ కూడా ఉంటుంది. నా పాత ఆల్బంలో ఆ బిళ్లను చూసి "తాతయ్యా, ఈ జీపు మనం చేద్దామా?" అని మనవరాలు అడగడంతో పని మొదలైంది.

జీపు ఇంట్లోనే దొరికింది. మనవడు ఆడి ఆడి ఒక చక్రం ఊడగొట్టిన 1:43 స్కేలు (నిజం బండిలో 43వ వంతు) డై-కాస్ట్‌ జీపు, పసుపు రంగుది, మూలన పడి ఉంది. ఇటువంటి బండ్ల పైతొడుగును జింకు ప్రధానంగా ఉన్న మిశ్రమ లోహంతో పోతపోస్తారు, అడుగు పలకను రివెట్లతో బిగిస్తారు. రివెట్ల తలలను చిన్న డ్రిల్లుతో తొలిస్తే బండి విడివిడి భాగాలుగా చేతికి వస్తుంది. ఆ పని, రంగు తీసే పని నేనే చేశాను. పాత రంగు పోవాలని కొందరు కాస్టిక్‌ సోడాలో వేస్తారు, కానీ అది జింకును కూడా తినేస్తుంది. అందుకని తొడుగును ప్లాస్టిక్‌ భాగాల నుంచి వేరు చేసి, చేతులకు తొడుగులు వేసుకుని, గాలి వచ్చే వరండాలో ఎసిటోన్‌తో ఓపికగా తుడిచాను. ఆ తరువాత పని అంతా పిల్లదే. వెనుక సీటు తీసేసింది, మెరుపు బంపరు అరగదీసింది, మిగిలిపోయిన రంధ్రాలను ఎం-సీల్‌తో పూడ్చి గరుకు కాగితంతో నున్నగా చేసింది. బొమ్మ టైర్లు నిజం బండికి ఉండవలసిన దాని కన్నా లావుగా ఉన్నాయని ఆమే కనిపెట్టి, నాలుగింటినీ సన్నగా కోసింది. నేరుగా లోహం మీద రంగు నిలవదు కనుక ముందు ప్రైమరు, దాని మీద సైన్యపు ఆలివ్‌ ఆకుపచ్చ, ఆపైన పలుచని దుమ్ము రంగు వేశాము.

ఫిరంగి దగ్గర పని ఆగింది. నిజం గన్ను పొడవు సుమారు 3.4 మీటర్లు, విల్లీస్‌ రకం జీపు పొడవు సుమారు 3.3 మీటర్లు. 43తో భాగిస్తే జీపు 77 మిల్లీమీటర్లు, గన్ను 79 మిల్లీమీటర్లు. "తాతయ్యా, లెక్క తప్పింది, జీపు కన్నా ఫిరంగే పెద్దదొచ్చింది" అని మనవరాలు మళ్లీ కాగితం తీసింది. లెక్క తప్పలేదు. ఇత్తడి గొట్టం కోసి బండి మీద పెట్టి చూసినప్పుడు, ఆ ఆయుధం ఎంత పెద్దదో, దాన్ని మోసే బండి ఎంత చిన్నదో మొదటిసారి నాకు కూడా తెలిసివచ్చింది. తరగతి గదిలో హమీద్‌ పేరు నేను ఎన్నోసార్లు చెప్పాను, ఈ సంగతి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

అంత పెద్ద ఫిరంగి పేలితే జీపు ఎందుకు తిరగబడదు అన్నది ఆమె తరువాతి ప్రశ్న. అది భౌతిక శాస్త్రపు పాఠం. ఆర్‌సీఎల్‌ గుండు తొడుగుకు చిల్లులు ఉంటాయి. మందు పేలినప్పుడు పుట్టిన వాయువులో కొంత భాగం వెనుక ద్వారాల గుండా మహా వేగంతో బయటకు పోతుంది. గుండు ముందుకు పోయే ఊపును ఆ వాయువు వెనక్కి పోయే ఊపు సరితూచడం వల్ల తిరుగుదెబ్బ దాదాపు ఉండదు. అందుకే సుమారు 210 కిలోల గన్నుతో, ట్యాంకు గోడను తొలిచే గుండును తేలికపాటి జీపు మీద నుంచి పేల్చగలిగారు. గొట్టం మీద సన్నని తుపాకీ మరొకటి ఉంటుంది. ముందు దానితో ఒక తూటా కాల్చి, అది ఎక్కడ తగిలిందో చూసి, గురి సరిపోతే అసలు గుండు వదులుతారు. దాన్ని మేము సన్నని ఇత్తడి తీగతో చేశాము.

మా తాడేపల్లిగూడెం పక్కనే, ఇంటింటా సైనికుడున్న ఊరుగా పేరుపొందిన మాధవరం ఉంది. అక్కడి విశ్రాంత సైనికులు ఒకరు, తాము సర్వీసులో ఆర్‌సీఎల్‌ గన్ను మీద పనిచేసినవారు, మా ఇంటికి వచ్చి ఈ దృశ్యాన్ని చాలాసేపు చూశారు. అప్పటికి చెరకు తోట మేము పూర్తి చేశాము. చెరకు మాకు తెలిసిన పంటే కనుక, చీపురు పుల్లలకు కాగితపు ఆకులు అంటించి, కింది ఆకులు ఎండినట్లు రంగు వేసి, ఆరు సెంటీమీటర్ల ఎత్తున గుబురుగా నిలబెట్టాము. ఆయన జీపు వెనుక వేలు పెట్టి చూపించి, "మాస్టారూ, గన్ను పేలాక ఇక్కడ చెరకు ఇలా నిటారుగా నిలబడదండీ" అన్నారు. వెనక్కి వచ్చే వాయువు ధాటికి మొక్కలు వాలిపోతాయని, దుమ్ము మేఘంలా లేస్తుందని, ఆ దుమ్మును చూసి శత్రువు బండి ఉన్నచోటు పట్టేస్తాడని, పేల్చిన వెంటనే చోటు మారకపోతే బతకడం కష్టమని వివరించారు.

ఆ సాయంత్రం మేము పరమవీర చక్ర ప్రశస్తి పత్రాన్ని మళ్లీ చదివాము. హమీద్‌ ముందు వస్తున్న ట్యాంకును కొట్టి, చురుకుగా చోటు మార్చి, మరొక ట్యాంకును తగలబెట్టారని, అప్పటికి శత్రువు ఆయన జీపును కనిపెట్టి దాని మీద గుండ్ల వర్షం కురిపించినా, ఇంకొక ట్యాంకు మీద కాలుస్తూనే ఉండి ప్రాణాంతకంగా గాయపడ్డారని అందులో ఉంది. "చోటు మార్చి" అన్న మాట మీదుగా నేను ఇన్నేళ్లు ఆగకుండా చదువుకుంటూ పోయాను. మనవరాలు మరునాడు జీపు వెనుక చెరకు పీకేసి, విరిగి వాలిన మొక్కలను నాటి, వాటి మీద దుమ్ము రంగు చల్లింది. కాస్త దూరంలో, జీపు అంతకు ముందు నిలిచిన చోట, వాలిపోయిన చెరకు మడి ఇంకొకటి చేసి, అక్కడి నుంచి ఇక్కడికి టైర్ల జాడ వేసింది. నా ఉద్దేశంలో ఆ దృశ్యంలో అన్నింటి కన్నా విలువైనది ఆ ఖాళీ చోటే. న్యాయనిర్ణేత చూడకుండా పోయినది కూడా దాన్నే.

ట్యాంకు గురించి ఒక్క మాట. పాటన్‌ వెడల్పే మూడున్నర మీటర్లు దాటుతుంది, అంటే జీపు పొడవు కన్నా ఎక్కువ. చెరకులోంచి బయటపడుతున్న దాని ముందు భాగాన్ని మాత్రమే, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్రతో చెక్కాము. అతుకులకు అక్కడి కళాకారుల పద్ధతిలోనే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టాము. హమీద్‌ కూల్చిన ట్యాంకుల సంఖ్యను ప్రశస్తి పత్రం కన్నా ఎక్కువగా చెప్పే కథనాలు ఉన్నాయి. పిల్లల పని పత్రానికి కట్టుబడి ఉండాలన్నది నా అభిప్రాయం కనుక, వివరాల కాగితంలో పత్రంలో ఉన్నదే రాయించాను.

యుద్ధాన్ని బొమ్మలుగా చేయించడం పిల్లలకు మంచిది కాదని భావించే పెద్దలు ఉన్నారు. ఆ సందేహాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. ఫోనులో తుపాకీ ఆటలు ఆడే పిల్లవాడికి చావు అంటే ఆట మళ్లీ మొదలుపెట్టడమే. నాలుగు సెంటీమీటర్ల మనిషి బొమ్మను, ఏ కవచమూ లేని బండి మీద, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న ఇనుప గోడకు ఎదురుగా తన చేతులతో నిలబెట్టిన పిల్లకు అలా అనిపించదు. ఆమె నన్ను "తాతయ్యా, ఆ ట్యాంకు లోపల ఉన్నవాళ్లు ఏమయ్యారు?" అని కూడా అడిగింది. జవాబు చెప్పడం నాకు కష్టమైంది. ఆ ప్రశ్న ఏ పాఠ్య పుస్తకం చివరా నాకు కనిపించలేదు.

అందువల్ల విద్యాశాఖ అధికారులకు, ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఇది. సాంఘిక శాస్త్ర ప్రదర్శనల్లో కొన్న నమూనాలను పోటీకి తీసుకోకండి. విద్యార్థి స్వయంగా చేసిన దృశ్యాలకు, అవి యుద్ధానివైనా, సంతవైనా, పాత రేవుపట్టణానివైనా, తగిన చోటు ఇవ్వండి. ఏ కొలతలో చేశారు, ఆ కొలతలు ఎక్కడ దొరికాయి, ఏది ఊహించి పెట్టారు అన్న మూడు విషయాలు ఒక కాగితం మీద రాయించి, వాటి మీదే ప్రశ్నలు వేయండి. ఇందుకు పెద్ద ఖర్చు ఉండదు. మాకు బండి కాక అయిన ఖర్చు కొనే థర్మోకోల్‌ కోట ధర కన్నా తక్కువే. కోయడం, తొలవడం, ఎసిటోన్‌ వాడడం మాత్రం పెద్దలే చేయాలి, లోహపు పొడి పీల్చకుండా మాస్కు తప్పనిసరి.

ఊళ్లలో ఉన్న విశ్రాంత సైనికులను కూడా పాఠశాలలు పిలవాలి. వారి పెట్టెల్లో ఫొటోలు ఉన్నాయి, చేతుల్లో అనుభవం ఉంది. మాధవరం పెద్దాయన పోయిన వారం మళ్లీ వచ్చి, బండి కదిలేటప్పుడు గొట్టం ఊగకుండా ముందు భాగాన పట్టి ఉంచే కొక్కెం మేము పెట్టలేదని చెప్పి, దాని ఆకారం పాత క్యాలెండరు వెనుక గీసి ఇచ్చారు. మనవరాలు ఇప్పుడు ఆ పనిలో ఉంది. సెప్టెంబరు 10 లోపల పూర్తి చేస్తానంటోంది.

ఇట్లు,
విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
తాడేపల్లిగూడెం, పశ్చిమ గోదావరి జిల్లా