ఎంఫిసీమా: మరమ్మతు సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు మీద మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసంలో, పొగ ఊపిరితిత్తులను కాల్చేస్తుందని రాశారు. పొగతాగడమే ప్రధాన కారణమన్నది నిజమే గానీ, ‘కాల్చేస్తుంది’ అన్న మాట ఈ వ్యాధి మొదలయ్యే తీరును మరుగుపరుస్తుంది. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులైన వాయుగోణుల గోడలను తెంపడంలో పెద్ద పాత్ర మన శరీరంలోని ఎంజైములదే. పాథాలజీ పాఠాలు చెప్పేదాన్ని కనుక ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

పొగ లోపలికి చేరిన చోటికి మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు అనే రక్షణ కణాలు వచ్చి చేరతాయి. సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి ఉన్న ఎలాస్టేజ్ వంటి ఎంజైములను అవి వదిలినప్పుడు, ఊపిరితిత్తికి సాగి ముడుచుకునే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులు కూడా తెగుతాయి. కాలేయంలో తయారయ్యే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్‌ను అదుపులో ఉంచుతుంది. పొగలోని ఆక్సీకారకాలు ఆ ప్రోటీన్‌ను కూడా దెబ్బతీస్తాయి. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ రక్తంలోని ప్రోటీన్లను విడదీసి పరిశీలిస్తూ, ఈ ప్రోటీన్ ఉండాల్సిన ఆల్ఫా-1 పట్టీ కనిపించని ఐదుగురిని గుర్తించారు. వారిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఆ తర్వాత కొద్దికాలానికే, బొప్పాయి పాలలో ఉండే, ప్రోటీన్లను కోసే పపైన్ అనే ఎంజైమును ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపితే ఎంఫిసీమా రావడం కూడా ప్రయోగాల్లో తేలింది.

ఇంతవరకు చాలామంది రాస్తారు. మరమ్మతు గురించే ఎవరూ రాయరు, నా బాధంతా అదే. ఎలాస్టిన్ ఎక్కువగా పుట్టుకకు ముందు, బాల్యంలో తయారై, ఆ పోగులే జీవితాంతం పనిచేస్తాయి. ఎలాస్టేజ్ ఎక్కించిన హ్యామ్‌స్టర్లలో తగ్గిపోయిన ఎలాస్టిన్ పరిమాణం కొన్ని వారాల్లో మామూలు స్థాయికి చేరినా, వాయుగోణుల అమరిక మాత్రం తిరిగి రాలేదు. కొత్త పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకున్నప్పుడు జబ్బు మరింత ముదిరింది. అంటే కోసేవీ ఎంజైములే, అతికేదీ ఎంజైమే. ఎలాస్టిన్‌ను నల్లగా చూపే రంగు వేసిన స్లయిడును సూక్ష్మదర్శిని కింద పెడితే, వ్యాధి సోకిన గోడలో పోగులు మధ్యలో తెగి, కొసలు ముడుచుకుపోయి కనిపిస్తాయి. విద్యార్థులు దాన్ని చూశాక వాళ్లకు ఇంకేమీ వివరించాల్సిన పని ఉండదు.

పోగులు తెగడం మొదలైన తొలి దశలో రోగికి ఆయాసం ఉండకపోవచ్చు, ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష కూడా మామూలుగానే రావచ్చు. ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో కార్బన్ మోనాక్సైడ్‌తో కొలిచే వ్యాపన పరీక్షలో, సీటీ స్కాన్‌లో మాత్రం తేడా ముందే బయటపడవచ్చు. పొగ మానేసినందువల్ల ఎక్కువ ఊపిరితిత్తి మిగిలేది కూడా ఈ దశలోనే, ఎందుకంటే పోయిన గోడలను తిరిగి కట్టే మందు నేటికీ లేదు.

ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం ఉందో లేదో ఒక రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. సీఓపీడీ (ఎంఫిసీమా కూడా అందులో భాగమైన దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న ప్రతి ఒక్కరికీ జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయాలని నిపుణులు సూచిస్తున్నారు. ఆ లోపం వంశపారంపర్యమైనది కనుక, ఒకరిలో బయటపడితే తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించవచ్చు. మీ తర్వాతి వ్యాసంలో ఈ పరీక్ష పేరు తప్పక వేయాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాథాలజీ అధ్యాపకురాలు