అత్తయ్య సమాధి దగ్గర నుంచి

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? కువైట్‌లో ఎండలు మొదలయ్యాయా? "అమ్మ సమాధి ఎలా ఉందిరా" అని మొన్న ఫోన్లో అడిగావు చూడు, అప్పటికి నేను అత్తయ్య సమాధి దగ్గరికి వెళ్లి ఏడాది అయింది. బాగానే ఉందని అబద్ధం చెప్పడానికి నోరు రాక మాట మార్చేశాను. ఈస్టరుకి వెళ్లొచ్చాను. ఇప్పుడు చెబుతాను, విను.

తెల్లవారుజామున నాలుగింటికే మన సమాధుల తోట నిండిపోయింది. బంతిపూల బుట్టలు, అగరొత్తుల వాసన, కొవ్వొత్తి ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకున్న పిల్లలు, అన్నీ మన చిన్నప్పటిలాగే. అత్తయ్య దగ్గరికి వెళ్లేసరికి అప్పటికే ఎవరో గడ్డి పీకి, సున్నం కొట్టి ఉంచారు. సిలువ మొదట్లో కొవ్వొత్తి కూడా వెలుగుతోంది. ఎవరా అని అడిగితే, గుంటలు తీసే ఆయన! "ఎవరూ రానివి పదో పన్నెండో ఉన్నాయి బాబూ. పండగపూట అవి చీకట్లో ఉంటే నాకే మనసు ఒప్పదు" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను రా.

ఆయన పని మనం ఎన్నిసార్లు చూశామో, ఒక్కసారీ పట్టించుకోలేదు. పోయిన నెల మా వీధిలో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. గుంట తీస్తుంటే పక్కనే ఉన్నాను. మన బందరు నేల సంగతి తెలుసుగా, నాలుగడుగులు తవ్వేసరికి ఉప్పునీళ్లు ఊరాయి. ఆయన తవ్వుతుంటే కొడుకు బకెట్టుతో తోడుతున్నాడు. పక్క జారిపోతే మళ్లీ చెక్కాడు. పెట్టె వచ్చే ముందు అడుగున రెండు తట్టల పొడి ఇసుక పోశాడు. ఎందుకని అడిగితే, "నీళ్లలో పెడుతున్నారని ఇంటోళ్లు చూస్తే తట్టుకోలేరు బాబూ" అన్నాడు. మనం తలా మూడు పిడికిళ్ల మట్టి వేసి, ప్రార్థన అయ్యాక ఇంటికెళ్లి స్నానాలు చేస్తాం. మిగతా మట్టంతా లాగేది ఆయనే.

ఇప్పుడు చోటు లేక చాలామంది అమ్మ సమాధిలోనే నాన్ననూ పెడుతున్నారు. పాతది తెరిచి, ఎముకలు ఒక్కొక్కటీ ఏరి, తెల్లగుడ్డలో మూటకట్టి తలవైపు ఒక మూల ఉంచుతాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడు.

ఇంత చేసే మనిషికి నెలజీతం లేదు. గుంటకింత అని ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారు. చావు లేని నెల కూలికి పోవాలి. ఇది చాలా తప్పు బావా. సంఘ పెద్దలతో గట్టిగానే మాట్లాడాను. చూద్దాం అన్నారు. నేను వదలను.

మా నానమ్మ గుర్తుందా? ఏటా గోడవార ఖాళీ నేలమీద ఒక కొవ్వొత్తి పెట్టేది. తాతయ్య కోసం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమందితో పాటు తాతయ్యా పోయాడు. ఎవరు ఎవరో తెలియని శవాలను కలిపి పూడ్చారు, కాల్చారు. నానమ్మ పోయాక ఆ కొవ్వొత్తి నేను పెడుతున్నాను. ఇక్కడ ఎవరున్నారు బాబూ అని ఆయన అడిగితే ఈసారి అంతా చెప్పాను. ఏమీ అనకుండా వెళ్లి నాలుగు ఇటుకలు తెచ్చి, ఎవరూ తొక్కకుండా దాని చుట్టూ పేర్చాడు.

అత్తయ్య సమాధికి పగుళ్లు లేవు, గట్టిగానే ఉంది. పేరే పోయింది. ఉప్పుగాలికి రంగు రాలిపోయి చివరి రెండక్షరాలే మిగిలాయి. తిరిగొస్తూ వలందాల సమాధుల వైపు బండి తిప్పాను. స్కూలు ఎగ్గొట్టి వెళ్లి ఆ రాళ్లమీద ఉబ్బెత్తు అక్షరాలు వేలితో తడిమేవాళ్లం, గుర్తుందా? మన వలందపాలానికి ఆ పేరు వాళ్లవల్లే వచ్చిందని సోషల్ మాస్టారు చెప్పేవారు. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన డచ్చివాళ్లు. వాళ్ల కోసం వచ్చే మనిషి లేడు, ఆ చోటు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది. రాతిలో చెక్కారు కాబట్టి ఇన్ని వందల ఏళ్లయినా అక్షరం వేలికి తగులుతోంది. అత్తయ్య పేరు పదిహేనేళ్లకే పోయింది.

అందుకే మళ్లీ రంగు వేయించను. నల్లరాయి పలక చెక్కిస్తాను. ఖర్చు చెరిసగం, కాదనకు. నెలనెలా నువ్వొక వెయ్యి, నేనొక వెయ్యి ఆయనకిద్దాం, సంఘం జీతం ఇచ్చేదాకా. ఆదివారం సాయంత్రం నేను అక్కడే ఉంటాను, వీడియో కాల్ చెయ్యి. ఆయనతో నువ్వే మాట్లాడు, సంతోషిస్తాడు.

పలక మీద 23వ కీర్తన వాక్యమే ఉంచమంటావా? పేరు రికార్డుల్లో ఉన్నదా, ఊరంతా పిలిచిందా? రాళ్లు చెక్కే అతను బుధవారం వస్తున్నాడు, ఈలోపే చెప్పు.

నీ
బావ