కెమెరాకి చలి కన్నా వెచ్చటి గదే ముప్పు

చిట్టితల్లీ,

ఫెయిర్‌బ్యాంక్స్‌లో మైనస్ 30 అని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఆ చలిలో, రాత్రిపూట, ఆకాశంలో మెరిసే రంగుల వెలుగులు, అదే అరోరా, ఫొటోల కోసం ఊరి బయటికి వెళ్తానన్నావు. వద్దనను. అలస్కా దాకా వెళ్లి ఆ వెలుగులు చూడకుండా ఎలా వస్తావు? నేనిచ్చిన కెమెరానే తీసుకెళ్తున్నావని సంతోషంగా కూడా ఉంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

మే నెలలో ఏసీ కల్యాణ మండపం నుంచి ఊరేగింపు తీయడానికి బయటికి రాగానే లెన్స్ మీద మసక కమ్మేది, గుర్తుందా? నువ్వు చున్నీతో తుడవబోతే కోప్పడ్డాను. చల్లటి అద్దానికి తేమగాలి తగిలితే నీళ్లు పడతాయి. ఐసు నీళ్ల గ్లాసు చెమర్చినట్టే. నీకక్కడ బయట చలి, గదిలో వేడి. మైనస్ 30లో రెండు గంటలున్న కెమెరాని నేరుగా గదిలోకి తెస్తే లెన్స్ పైనే కాదు, లోపలా తేమ చేరుతుంది.

ఈ తప్పు నేను చేశాను. నువ్వు రెండో తరగతిలో ఉండగా జనవరిలో లేహ్ వెళ్లాను కదా. పొద్దున్నే మంచుకొండలు తీసి, చేతులు కొంకర్లు పోతుంటే టీ కోసం బుఖారీ పొయ్యి ఉన్న గదిలోకి కెమెరాతో సహా వెళ్లాను. క్షణాల్లో తడిసిపోయింది. పైపైన తుడిచి మళ్లీ బయటికి పరిగెత్తాను. లోపలి తేమ గడ్డకట్టి షట్టర్ బిగుసుకుపోయింది. ఆ రోజు ఇంకో ఫొటో లేదు. అన్ని వేలు పోసి వెళ్లి, ఎదురుగా ఆ వెలుగు పెట్టుకుని ఊరికే నిలబడ్డాను.

అందుకని లోపలికి రాకముందే, బయటే, మెమరీ కార్డు తీసుకుని కెమెరాని జిప్‌లాక్ కవర్లో పెట్టి గట్టిగా మూసెయ్. తేమ కవర్ మీద పడుతుంది, కెమెరా మీద కాదు. గది వేడికి కెమెరా పూర్తిగా వచ్చేదాకా, రెండు మూడు గంటలైనా సరే, తెరవకు. కార్డు నీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఫొటోలు చూసుకోవచ్చు.

బ్యాటరీ సగం చూపిస్తూనే టక్కున ఆగిపోతుంది. కంగారు పడకు, పాడవలేదు. చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతే. ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో రెండు స్పేర్ బ్యాటరీలు ఉంచుకుని మార్చుతూ ఉండు. వెచ్చబడితే పాతది మళ్లీ పనిచేస్తుంది. కానీ చల్లగా ఉన్న బ్యాటరీని ఛార్జింగ్ పెట్టొద్దు. సున్నా కన్నా తక్కువలో ఛార్జ్ చేస్తే నిజంగానే పాడవుతుంది.

అరోరాకి మాన్యువల్‌లో పెట్టు. లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, వెలుగుని పట్టే సున్నితత్వం ఐఎస్ఓ 1600, షట్టర్ పది సెకన్లతో మొదలుపెట్టి వెలుగును బట్టి మార్చుకో. బాగా వెలిగే నక్షత్రాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి ఫోకస్ కుదిరాక, రింగు కదలకుండా టేప్ వేసెయ్. లెన్స్ మీద ఊపిరి వదలకు, అక్కడే మంచుపొర కడుతుంది. చేతులకి వాడే హ్యాండ్ వార్మర్ ఒకటి రబ్బరు బ్యాండుతో లెన్స్ చుట్టూ కట్టుకో.

పగలు మంచు తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచు, అంటే వెలుగు రెట్టింపు. తెల్లటి మంచుని కెమెరా బూడిద రంగులోకి దించేస్తుంది.

ఇవన్నీ ఒకెత్తు, నీ వేళ్లు ఒకెత్తు. పల్చటి గ్లౌజ్‌లు, వాటిపైన మందపువి. బటన్లు నొక్కేటప్పుడు పైవి మాత్రమే తియ్. ట్రైపాడ్ లోహాన్ని ఉత్త చేత్తో ముట్టుకోకు, తోలు అతుక్కుపోతుంది. ట్రైపాడ్ కాళ్లకి ఫోమ్ చుట్టించు. వేళ్లు మొద్దుబారి, తెల్లబడితే ఆకాశం ఎంత వెలుగుతున్నా వదిలేసి కారెక్కు. ఒంటరిగా అస్సలు వెళ్లకు తల్లీ. ఫోను కూడా చలికి ఆగిపోతుంది, అది ఉందన్న ధైర్యంతో పోవద్దు.

ఫొటో వాట్సాప్‌లో కాదు, అసలు ఫైలు మెయిల్ చెయ్. స్టూడియోలో 20/30 అంగుళాల ప్రింటు వేయిస్తా. హాల్లో క్యాలెండర్ తీసేసి అమ్మ ఇప్పటికే మేకు కొట్టించింది.

నాన్న