యుటిలిటీ లైబ్రరీలను తెలుగు, ఒడియా పేర్లతోనూ పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో కంప్యూటర్ చదువుకునే మన పిల్లలు, ఎన్నో ప్రోగ్రాములకు అడుగున ఉండే చిన్న జావాస్క్రిప్ట్ యుటిలిటీ లైబ్రరీని, అంటే తరచూ అవసరమయ్యే చిన్న పనులు చేసే ఫంక్షన్ల సంపుటిని, ఒకటైనా స్వయంగా నిర్మించి, పరీక్షించి చూడాలి. ఇలాంటి చిన్న కోడు మీద ఎంత ఆధారపడి ఉన్నామో ఒక ఉదాహరణ: 2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను పంచుకునే ఆన్‌లైన్ భండారం) నుంచి తొలగించగానే, ప్రపంచమంతటా దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు, అంటే కోడును వాడకానికి సిద్ధం చేసే పనులు, ఆగిపోయాయి.

మన సరిహద్దు జిల్లాల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. మాట పొడవు కొలిచేటప్పుడు జావాస్క్రిప్ట్ మనం చూసే అక్షరాలను కాక, వాటిని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-16 యూనిట్లను లెక్కిస్తుంది గనుక, గుణింతపు గుర్తులు విడిగా లెక్కకు వచ్చి ‘తెలుగు’ పొడవు మూడుకు బదులు ఆరు అవుతుంది. అందువల్ల పేరును కత్తిరించే ఫంక్షన్ ఇంగ్లీషు మాటలతో పరీక్ష నెగ్గినా, మన పేర్లను గుణింతం దగ్గర తెంచేస్తుంది. అక్కడ మాటను పూర్తి అక్షరాలుగా విడదీసే, జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ‘ఇంటల్ సెగ్మెంటర్’ (Intl.Segmenter) వాడాలి. ఒడియాలో కింద చుక్క ఉన్న డకారాన్ని ఒకే కోడుగానూ, రెండు కోడులుగానూ రాయవచ్చు కాబట్టి, నార్మలైజ్ చేయకుండా, అంటే రెండింటినీ ఒకే రూపానికి మార్చకుండా పోలిస్తే ఒకే మనిషి పేరు రెండు పేర్లుగా కనబడుతుంది. రేషను జాబితా అయినా, హాజరు పట్టిక అయినా ఇది చిన్న విషయం కాదు.

దీనికి పెద్ద ఏర్పాట్లేవీ అక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే ‘నోడ్’ 20వ వెర్షన్‌లో, పరీక్షలను నడిపే టెస్ట్ రన్నర్ దానితోపాటే వస్తుంది. ఫంక్షన్ రాయడానికి ముందే రెండు భాషల పేర్లతో పరీక్షలు రాయించాలని అధ్యాపకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా