రమణకి, సీతారామరాజు గురించి

విజయనగరం

రమణా,

మొన్న ఫోన్లో మీ అమ్మాయి అడిగింది చూడు, "సీతారామరాజు నిజంగా అంత దుర్మార్గుడా మావయ్యా?" అని. అప్పుడు ఏదో ఒక ముక్క చెప్పి ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పిల్ల అడిగింది అల్లూరి వారి గురించి కాదు, మన విజయనగరం రాజుల ఇంటి పూసపాటి సీతారామరాజు గురించి. ఇంగ్లీషువాళ్లు రాసిన గెజిటియర్లలో ఆయనకి దక్కింది రెండు మూడు మాటలే: తెలివైనవాడు, నీతి లేనివాడు, పేరాశ గలవాడు. ఆ తర్వాత రాసినవాళ్లు అదే ఎత్తి రాశారు. మనమూ అదే చదివి పెద్దయ్యాం.

ఆ మాటలు ఎవరు, ఎప్పుడు, ఏం కావాలని రాశారన్నది ఆ పిల్లకి చెప్పాలి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిగ్గా చదివి నువ్వే చెప్పు.

మొదట ఫ్రెంచివాళ్ల దగ్గర మొదలుపెడతాను. 1753లో నైజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని, అంటే మన కోస్తా జిల్లాల్ని, వాళ్లకి రాసిచ్చాడు. శ్రీకాకుళం సర్కారు అందులో ఒకటి. ఫ్రెంచి సేనాని బుస్సీ దొరకి ఈ నేల తెలీదు, ఇక్కడి కుటుంబాల పగలూ తెలీవు. ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి కదా! చెప్పినవాళ్లలో ముఖ్యులు విజయనగరం రాజు పెద విజయరామరాజు, బుస్సీ దివాను హైదరుజంగు. మన చిన్నప్పుడు బొబ్బిలి కథలో విన్న హైదరుజంగే. బొబ్బిలివాళ్లు మొండివాళ్లు, మాట వినరు అని బుస్సీ చెవిలో పడింది వాళ్ల పక్కింటి శత్రువు నోటి నుంచి. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధంలో ఏమైందో నీకు నేను చెప్పక్కర్లేదు. కోటలో ఆడవాళ్లు, పిల్లలతో సహా పోయారు. తర్వాత పెద విజయరామరాజు గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో చచ్చాడు. దొర నమ్మిన ఒక్క చెప్పుడు మాట ఎన్ని ప్రాణాలు తీసిందో చూశావా?

ఇక ఇంగ్లీషువాళ్లు. వాళ్లని ఇక్కడికి పిలిచింది పెద విజయరామరాజు తర్వాత గద్దెక్కిన ఆనందరాజు. 1758లో ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి విశాఖపట్నం పట్టుకుని, మీరు రండి అని కబురు పెట్టాడు. మద్రాసువాళ్లు తటపటాయించారు. బెంగాల్ నుంచి క్లైవు కర్నల్ ఫోర్డుని పంపాడు. ఆ డిసెంబర్లో చందుర్తి దగ్గర, మరుసటి ఏడాది మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఇంత చేసిన ఆనందరాజు మీద ఫోర్డుకి మిగిలిన అభిప్రాయం ఏమిటంటే, ఒప్పుకున్న డబ్బు వేళకి ఇవ్వడు, ఆయన సైన్యం యుద్ధంలో అక్కరకి రాదు. డబ్బు విషయంలో ఫోర్డు చెప్పింది అబద్ధం కాదు. కానీ వాళ్లకి దారి చూపించిన మనిషిని వాళ్లు ఏ లెక్కలో చూశారో గమనించు. ఆ తర్వాత నలభై ఏళ్లూ అదే లెక్క.

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో సర్కారులు ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీవి అయ్యాయి. నైజాముతో ఒప్పందం 1766లో. కానీ కాగితం మీద వచ్చిన దేశం చేతికి రావాలి కదా. 1768లో పర్లాకిమిడి జమీందారు నారాయణ దేవుని మన జలుమూరు దగ్గర కర్నల్ పీచ్ ఓడించాల్సి వచ్చింది. మీ ఊరికి దగ్గరే కదా, మీ పిల్లకి ఇది కూడా చెప్పు.

అప్పుడే లండన్‌లో కంపెనీ డైరెక్టర్లకి ఒక సంగతి అర్థమైంది. ఏ జమీందారు ఎంత ఇవ్వగలడో, ఎవరి దగ్గర ఎంతమంది ఆయుధం పట్టినవాళ్లున్నారో తమ దగ్గర లెక్క లేదు. 1775లో సర్క్యూట్ కమిటీ వేయమన్నారు. ఊరూరా తిరిగి పంట ఎంత, జనం ఎంత, మగ్గాలు ఎలా ఉన్నాయి, కోటలు ఎక్కడ, ఒక్కో జమీందారు బలం ఎంత, రాబడి ఎంత, అన్నీ కనుక్కోవాలి. రైతు గురించి కూడా విచారించమన్నారు. అంతవరకు నేను మెచ్చుకుంటాను. చూసి రాసే అలవాటు మంచిదే.

కానీ 1778లో మద్రాసుకి గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డ్ ఆ కమిటీని ఆపేసి, జమీందార్లందర్నీ మద్రాసు రమ్మన్నాడు. ఇక్కడి నుంచి మద్రాసంటే మాటలా! పరివారం, ఏనుగులు, దారి ఖర్చు, అక్కడ మర్యాదలు. చాలామంది అప్పులు చేయకుండా కదలలేని స్థితి. మన సీతారామరాజు అసలు కథ అక్కడే నడిచింది. ఆనందరాజు తర్వాత రాజైన విజయరామరాజు (బొబ్బిలి నాటి పెద విజయరామరాజు కాదు) చిన్నవాడుగా ఉన్నప్పటి నుంచి సంస్థానాన్ని నడిపినవాడు ఆయన అన్న ఈ సీతారామరాజే. తమ్ముడు పెద్దయ్యాక అన్న పెత్తనం వద్దన్నాడు. రంబోల్డ్ తమ్ముడి మాట పక్కన పెట్టి, అన్నకే దివాను పదవి ఇప్పించాడు. ఆ ఏర్పాట్ల వెనక డబ్బు నడిచిందన్న ఆరోపణలు పార్లమెంటు దాకా వెళ్లాయి. 1781లో డైరెక్టర్లు రంబోల్డ్‌ని తొలగించారు.

రమణా, నన్ను కుదిపేసేది ఇదేరా. కంపెనీ పెద్దమనిషి ఒకడు ఏరికోరి కుర్చీలో కూర్చోబెట్టిన వాణ్ణే, తర్వాత కంపెనీ కాగితాలు దుర్మార్గుడన్నాయి. సీతారామరాజు మంచివాడని నేను అనను. చుట్టుపక్కల జమీందార్లని మింగేసినవాడు, తమ్ముణ్ణి ఎదగనివ్వనివాడు. కానీ ఆయన పేరాశ దొరలకి పనికొచ్చినన్నాళ్లూ ఎవరికీ తప్పుగా కనిపించలేదు. 1793 నాటికి ఆయన్ని మద్రాసుకి సాగనంపేశారు.

మళ్లీ మొదలైన కమిటీ 1784లో నివేదిక ఇచ్చింది. అందులో విజయనగరం, దాని కింది జమీందార్ల సైన్యం కలిపి 12,000 పైమాటే, కంపెనీకి ఇది ఎప్పుడూ పొంచి ఉన్న ముప్పు అని తేల్చారు. పాతికేళ్ల కిందట ఇదే ఇంటివాళ్లని పక్కన పెట్టుకుని యుద్ధానికి వెళ్లారు. అదే ఏడాది జేమ్స్ గ్రాంట్ సర్కారుల మీద పెద్ద వ్రాత రాసి, జమీందార్లంటే శిస్తు వసూలుకి పెట్టుకున్నవాళ్లే గానీ నేలకి యజమానులు కారని వాదించాడు. ఆ వాదన ఎవరికి లాభమో చెప్పాలా?

ఆఖరికి పేష్కషు, అంటే కంపెనీకి ఏటా కట్టాల్సిన కప్పం, బకాయిల పేరుతో సంస్థానాన్ని స్వాధీనం చేసుకుని, విజయరామరాజుని నెలకి 1,200 రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. ఆయన బయల్దేరి పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలం వచ్చింది. యుద్ధం గంట కూడా సాగలేదు. రాజుతో పాటు ఆయన్ని నమ్ముకున్న నాయకులంతా దాదాపు అక్కడే నేలకొరిగారు. పద్మనాభం కొండ మెట్లెక్కేవాళ్లలో ఎంతమంది ఆ సంగతి తలుచుకుంటారు చెప్పు? అనంతుడికి దణ్ణం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టి, దిగి వెళ్లిపోతాం. నాకు మాత్రం ఆ కొండ కింద నిలబడితే గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. ఇంట్లో అన్నకి, బయట కంపెనీకి మధ్య జీవితమంతా నలిగిన మనిషి, వెళ్లమన్న చోటికి వెళ్లనని అక్కడ తెగించి కూర్చున్నాడు. ఆయన గురించి రాసినవాళ్లు బలహీనుడన్నారు. బలహీనుడు చేసే పనేనా అది?

ఆ తర్వాత వాళ్ల చూపు ఎలా తిరిగిందో కూడా విను. విజయనగరంవాళ్లు బంధించి ఉంచిన బొబ్బిలి చిన రంగారావుకి కంపెనీ సంస్థానం తిరిగి ఇచ్చింది. కొండల్లోకి పారిపోయిన రాజు కొడుకు నారాయణబాబు తిరిగొస్తే, కత్తిరించిన సంస్థానాన్ని ఆ పిల్లాడికే ఇచ్చారు. 1802లో జమీందార్లు కట్టాల్సింది శాశ్వతంగా ఖాయం చేసిన శాశ్వత పరిష్కారం నాటికి 24 పరగణాలు, 1,157 గ్రామాలు, ఏటా 5 లక్షల పేష్కషు. ఆ ఇంటివాళ్లు తర్వాత కంపెనీకీ, దాని తర్వాత వచ్చిన బ్రిటిషు ప్రభుత్వానికీ మంచివాళ్లే అయ్యారు. మారింది వాళ్ల నడత కాదురా, చేతిలో సైన్యం లేకపోవడం.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది రైతు, నేతగాడు. లెక్కల్లో పంట ఉంది, మగ్గం ఉంది, శ్రీకాకుళం వైపు సన్నబట్ట మీద కంపెనీకి బోలెడు మోజు ఉంది. ఆ బట్ట నేసినవాడు తన జమీందారు గురించి ఏమనుకున్నాడో, దొర గురించి ఏమనుకున్నాడో అడిగి రాసినవాడు లేడు. 5 లక్షలు ఎవరి కళ్లంలోంచి వచ్చాయి? దొరలూ రాజులూ ఒకరి మీద ఒకరు రాసుకున్నది మనకి మిగిలింది. మన తాతల తాతల మాట మిగల్లేదు.

మీ పిల్లకి ఇదంతా ఒక్కసారే చెప్పకు, బెదిరిపోతుంది. సీతారామరాజుని ముందు రంబోల్డ్ ఎందుకు నిలబెట్టాడో చెప్పు, తర్వాత ఎందుకు పంపేశారో దాన్నే ఆలోచించమను. సిరిమాను జాతరకి వచ్చినప్పుడు తనని పద్మనాభం తీసుకెళ్తాను, నువ్వు కూడా రా. పాలకొండ జమీందారీని లాక్కుని అర్బత్‌నాట్ అనే వ్యాపార సంస్థకి కౌలుకిచ్చిన కథ ఇంకోటుంది, అది ఎదురుగా కూర్చుని చెప్పాలి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి.

నీ
శంకరం