బ్యాడ్జ్ లెక్కలో వేడి వాటా

ఎడిటర్ గారికి,

రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లు ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ (థర్మోల్యూమినిసెంట్ డోసిమీటర్, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్ డోస్ కొలిచే) బ్యాడ్జ్ గురించి మీ సైన్స్ పేజీలో రాశారు. పడిన డోసంతా దాచుకుని, వేడి చేయగానే వెలుగు రూపంలో చెప్పేస్తుందన్నారు. తప్పేం కాదు గానీ, అది సగమే. ఆ బ్యాడ్జ్‌లు చదివేదే నా పని కాబట్టి మిగతా సగం చెప్పకుండా ఉండలేకపోతున్నా.

రేడియేషన్ తగిలినప్పుడు విడిపోయిన ఎలక్ట్రాన్లలో కొన్ని బ్యాడ్జ్‌లోని బిళ్లలో ఉండే ఫాస్ఫర్ (వెలుగునిచ్చే పదార్థం) స్ఫటికంలోని లోపాల్లో ఇరుక్కుంటాయి, వాటినే మేం ట్రాపులంటాం. వాటిని బయటికి తోసేది వేడి. ఆ వేడి మా రీడర్‌లోనే (బిళ్లను వేడి చేసి వెలుగును కొలిచే మెషిన్‌లోనే) తగలాలని రూలేం లేదు కదా! ఎండలో నిలిపిన కారులో బ్యాడ్జ్ మర్చిపోయినా కొన్ని ఎలక్ట్రాన్లు జారిపోతాయి. మెగ్నీషియం, టైటానియం కలిపిన లిథియం ఫ్లోరైడ్ ఫాస్ఫర్‌నే తీసుకోండి. వేడి చేస్తూ పోతే ఒక్కో లోతు ట్రాపులు ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఖాళీ అయి వెలుగు ఎగసిపడుతుంది, దాన్నే పీక్ అంటాం. గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే దాని మొదటి పీక్ సుమారు 5 నిమిషాల్లో సగమైపోతుంది, రెండోదానికి 10 గంటలు, మూడోదానికి ఆరు నెలలు పడుతుంది, మేం డోస్ లెక్కకు నమ్ముకునే ఐదో పీక్‌కైతే 80 ఏళ్ల దాకా. ఇవన్నీ ఒకే బిళ్లలో. ట్రాప్ లోతు (ఎలక్ట్రాన్‌ను బయటికి తీయడానికి కావాల్సిన శక్తి) ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుని లెక్కేస్తే, 25 డిగ్రీల కంటే 50 డిగ్రీల దగ్గర అది దాదాపు 20 రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది.

అసలు తమాషా రీడర్‌లో జరుగుతుంది. వేడి చేస్తేనే వెలుగొస్తుంది, ఆ వేడే ఎక్కువైతే వచ్చే వెలుగునూ మింగేస్తుంది. దీన్ని థర్మల్ క్వెంచింగ్ అంటారు. ట్రాప్ నుంచి బయటపడ్డ ఎలక్ట్రాన్ వెలుగు కేంద్రాన్ని చేరాక దానికి రెండు దార్లు: కాంతి ఇవ్వడం, లేదా ఆ శక్తిని స్ఫటికం కంపనాల్లో కలిపేయడం. వేడి పెరిగేకొద్దీ రెండో దారి బలపడుతుంది. కార్బన్ కలిపిన అల్యూమినియం ఆక్సైడ్‌లో ఇది బాగా కనిపిస్తుంది. కొత్తలో పని త్వరగా తెమలాలని హీటింగ్ రేటు పెంచాను, ఒకే డోస్ ఇచ్చిన బిళ్లలకు రీడింగ్ తగ్గిపోతుంటే వెలుగును కొలిచే ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ పాడైందని రోజంతా దాంతోనే కుస్తీ పట్టాను. ట్యూబ్‌కేం కాలేదు. వేగంగా వేడి చేస్తే పీక్ ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రతకు జరుగుతుంది, అక్కడ క్వెంచింగ్ మరింత ఎక్కువ, అంతే. దీనికి తోడు మెషిన్ చూపించే డిగ్రీలు కింద ఉన్న లోహపు పళ్లేనివి, పైన ఉన్న బిళ్ల వేడి ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది.

వేడికి బదులు కాంతితో చదివే ఓఎస్ఎల్ పద్ధతిలో ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది. అయితే చదవడానికి ముందు బ్యాడ్జ్ ఎక్కడెక్కడ తిరిగిందన్న ప్రశ్న దానికీ తప్పదు.

బ్యాడ్జ్‌లు వాడేవాళ్లకు ఒక్కటే చెప్పాలి. వాటితో పాటు పోలిక కోసం వచ్చే, ఎవరూ పెట్టుకోని కంట్రోల్ బ్యాడ్జ్‌ను రేడియేషన్‌కు దూరంగా ఉంచడం అందరికీ తెలుసు, ఏసీ గదిలో బీరువాలో భద్రంగా పెడతారు కూడా. మిగతావి వేసవంతా రేకుల షెడ్డులో కొక్కేలకు వేలాడుతుంటే, ఆ రెండింటినీ పోల్చి మేం తీసే లెక్కలో వేడి చేసిన తేడా పట్టుబడదు. రేడియేషన్ లేని చోటే పెట్టండి, కానీ వేడి మాత్రం రెండింటికీ ఒకేలా తగిలేలా చూడండి.

ఇట్లు,
ఒక టీఎల్‌డీ ల్యాబ్ ఉద్యోగి